కొత్త అధ్యక్షులకు ఇన్సెంటివ్ చిట్కాలు

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘానికి మీరు కొత్తగా అధ్యక్షులయ్యారు. ఓట్లేయించుకుని వచ్చారా, త్రిసభ్య కమిటీ జీవోలో పేరు పడి వచ్చారా అన్నది మాకు అనవసరం. కుర్చీ ఒకటే, బీరువా ఒకటే, బీరువా తాళాలు సమయానికి దొరక్కపోవడమూ ఒకటే. మెడలో దండ వాడకముందే సీఈఓ గారు ఫైలు పట్టుకుని వస్తారు. "సార్, మన స్టాఫ్‌కి హుషారు తగ్గింది. ఏదైనా ఇన్సెంటివ్ పెడితే సంఘం ఎక్కడికో పోతుంది" అంటారు. ఆ మాట అక్షరాలా నిజం. ఎక్కడికి పోతుందో, ఎంత త్వరగా పోతుందో మీ చేతుల్లోనే ఉంది. అందుకు పనికొచ్చే చిట్కాలివి.

ముందుగా, జీతాల సంగతి ఎత్తకండి. సేల్స్‌మన్‌కు నాలుగు నెలలుగా జీతం లేదని, అటెండర్ పీఎఫ్ గురించి రెండుసార్లు అడిగాడని ఎవరైనా గుర్తుచేస్తే "చూద్దాం" అనండి. జీతం వాళ్ల హక్కు. ఇచ్చినా మిమ్మల్ని మెచ్చుకునేవాడు ఉండడు. ఇన్సెంటివ్ అయితే మీ దయ. చెక్కు అందిస్తుంటే జిల్లా ఎడిషన్‌లో ఫొటో పడుతుంది. బకాయి జీతాలు చెల్లిస్తున్న అధ్యక్షుడి ఫొటో ఏ పేపర్లోనైనా చూశారా? పైగా జీతం అందని మనిషికి ఇన్సెంటివ్ ఆశ చూపిస్తే రిజిస్టర్లలో అంకెలు ఎంత చురుగ్గా కదులుతాయో మీరే చూస్తారు.

ఇక అసలు కిటుకు. ఇన్సెంటివ్‌ను ఏ అంకెకు ముడిపెట్టాలి? దాన్ని పుచ్చుకునే మనిషి తన చేత్తో తానే రాసుకునే అంకెకు. మిల్లు వేబ్రిడ్జి చీటీ, జిల్లా సహకార బ్యాంకు స్టేట్‌మెంటు, రైతు ఇంట్లో దాచుకున్న రసీదు లాంటి బయటి కాగితాల జోలికి పోవద్దు. పోతే ఒకదానితో ఒకటి సరిచూడాలి. సరిచూస్తే రాత్రి నిద్ర పట్టదు. ఈ ఒక్క సూత్రం పట్టుబడితే మిగతా చిట్కాలన్నీ మీకే తడతాయి. అయినా కొత్తవారు కాబట్టి ఒక్కో కౌంటర్ దగ్గరా ఎలా పెట్టాలో చూద్దాం.

వసూళ్లతో మొదలుపెట్టండి. మార్చి 31 నాటి వసూలు శాతం మీద ఇన్సెంటివ్ అని తీర్మానం రాయించండి. వసూలైన సొమ్ములో అర శాతం చాలు. ఏప్రిల్ నుంచి ఫిబ్రవరి దాకా ఎవరూ ఏ రైతు గుమ్మమూ తొక్కరు. మార్చి ఆఖరి వారంలో మాత్రం ఆఫీసులో రాత్రి పదింటికీ ట్యూబులైటు వెలుగుతూ ఉంటుంది. ఆ వెలుగులో జరిగేది ఇదీ. రైతు పేరున లక్షన్నర పంట రుణం ఉంది. 7 శాతం చొప్పున ఏడాది వడ్డీ 10,500. మొత్తం 1,60,500. రైతును ఫోన్ చేసి పిలుస్తారు. అతను వచ్చి, చూపించిన చోటల్లా సంతకాలు పెడతాడు. 1,65,000 కొత్త రుణం మంజూరవుతుంది. అందులోంచి పాత రుణం తీరిపోతుంది. మిగిలిన 4,500లో వాటాధనం, ఆ ఫీజు, ఈ ఫీజు పోగా చేతికి ఎంతొస్తే అంత. సకాలంలో కట్టినందుకు కేంద్రం ఇచ్చే 3 శాతం రాయితీకి కూడా అతను అర్హుడే. సంఘం పుస్తకాల్లో వసూలు, బ్యాంకు పుస్తకాల్లో వసూలు, అందరి ముఖాల్లో కళ.

ఇందులో మీ ఇన్సెంటివ్ ఎంత? 1,60,500 మీద అర శాతం, అంటే 802 రూపాయల 50 పైసలు. డబ్బు పెట్టెలోంచి లేచి, గుమ్మం దాటకుండా మళ్లీ పెట్టెలోనే కూర్చున్నందుకు సంఘం కట్టిన కూలి అది. ఇలాంటి ఖాతాలు నాలుగు వందలుంటే మూడు లక్షల ఇరవై వేలు దాటుతుంది. నిజంగా పంట అమ్ముకుని డబ్బు తెచ్చి కట్టిన రైతు దగ్గరా అదే 802. తేడా చూపించొద్దు. చూపిస్తే సిబ్బంది నిజంగా పంట చేతికొచ్చే రోజుల్లో రైతు ఇంటికి వెళ్లి, నెమ్మదిగా మాట్లాడి, కట్టగలిగినంత కట్టించుకునే ప్రమాదం ఉంది.

రుణమాఫీ ఏడాది వచ్చిందంటే పండగే. తెలంగాణలో 2024 జులై, ఆగస్టుల్లో 2 లక్షల దాకా మాఫీ సొమ్ము నేరుగా ఖాతాల్లో పడింది. అలాంటి ఏడాది వసూలు శాతం ఎవరూ చెమట పట్టకుండానే పెరుగుతుంది. తీర్మానంలో "నగదు వసూలు" అని రాయకుండా ఉత్త "వసూలు" అని రాసి ఉంచండి. సర్కారు మాఫీ చేస్తే సంఘం ఇన్సెంటివ్ ఇచ్చింది. అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే. మాఫీకి ముందే కష్టపడి వసూలు చేసిన సూపర్‌వైజర్ మొహం చిన్నబుచ్చుకుంటే పట్టించుకోకండి. మాఫీ వస్తుందని తెలిసీ కట్టించుకున్నాడని ఊళ్లో తిట్లు ఎటూ అతనికే పడ్డాయి.

డిపాజిట్లకూ ఇదే మార్చి 31 చాలు. ఏడాది పొడవునా సగటు నిల్వ చూడాలని ఆడిటర్ అంటాడు, వినకండి. ఆఖరి రోజు నిల్వ చూస్తే లెక్క సులువు. 30న వచ్చిన పది లక్షలు ఏప్రిల్ 2న వెళ్లిపోతే అది వాతావరణం లాంటిది, మన చేతుల్లో లేదు.

బంగారం రుణాల దగ్గర ఇంకొంచెం ధైర్యం కావాలి. నగ గీసి చూసే అప్రైజర్‌కు నికరమైన జీతం ఇవ్వొద్దు. మంజూరైన రుణాన్ని బట్టి అతనికి రుసుము ఇవ్వండి. గొలుసు బరువు ఎక్కువ, మచ్చ మేలు అని రాస్తే అతనికి ఎక్కువ. "ఇది గిల్టు, తీసుకెళ్లమ్మా" అంటే సున్నా. నగ నాణ్యమెంతో తేల్చాల్సినవాణ్ని నగ ఎక్కువ పలికితే బాగుపడేవాణ్ని చేశారు కాబట్టి, ఇక మీరు కంగారుపడాల్సిన పనిలేదు. వేలం రోజు వచ్చేదాకా. బీరువాలో ప్యాకెట్లు సీలుతో చక్కగా వరసగా ఉంటాయి. అప్రైజర్ మాత్రం పెళ్లికని చెప్పి ఊరెళ్లి ఉంటాడు.

ఇప్పుడు ధాన్యం కొనుగోలు కేంద్రం. చెప్పాలంటే ఈ చిట్కాల్లో ప్రాణమంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే ఇక్కడ మీరు ఎంతో మంచి మనసుతో పెట్టిన ఇన్సెంటివ్ కూడా రైతు గోనెసంచిలోంచే వస్తుంది.

సంఘానికి క్వింటాకు 32 రూపాయల లోపు కమీషన్. మిల్లు దగ్గర లోడు దిగాక తూకం తగ్గిందని, తాలు ఉందని, తేమ ఎక్కువుందని కోత పెడితే ఆ నష్టం సంఘం నెత్తినే. కిందటి సీజన్‌లో అలా కొంత పోయిందని సీఈఓ లెక్క చూపిస్తారు. మీరు బాధపడతారు. బాధలో ఎవరికైనా తట్టే ఉపాయం ఒకటే: "ఏ కేంద్రంలో తరుగు నష్టం సున్నా ఉంటుందో ఆ కేంద్రం ఇన్‌చార్జికి బోనస్." ఎంత న్యాయంగా వినిపిస్తుందో చూడండి. డైరెక్టర్లంతా బల్లలు చరుస్తారు.

ఇన్‌చార్జికి మిల్లరు మీద అధికారం లేదు. లారీ మీద లేదు. వాన మీద అసలే లేదు. అతనికి అధికారం ఉన్నది కాటా మీద ఒక్కటే. నికరంగా 40 కిలోల ధాన్యం, ఖాళీ సంచి బరువు కింద ఇంకో 600 గ్రాములు, అంటే కాటా మీద ముల్లు 40.6 దగ్గర ఆగాలి. బోనస్ తీర్మానం మర్నాటి నుంచి అది 41.6 దగ్గర ఆగుతుంది. రైతు అడుగుతాడు. "మిల్లోడు కోస్తాడన్నా, అప్పుడు నన్ను అడగొద్దు" అని ఇన్‌చార్జి జవాబు. రైతు పన్నెండు రోజులుగా కల్లం దగ్గరే పడుకుంటున్నాడు. పగలు టార్పాలిన్ తీసి ధాన్యం ఆరబోస్తున్నాడు, సాయంత్రం మబ్బు పడితే మళ్లీ కప్పుతున్నాడు. తేమ 17 శాతానికి వచ్చిందని నిన్న మిషన్ చూపించింది. ఇవాళ టోకెన్ పోతే మళ్లీ ఎప్పుడో. ఒక కిలో దగ్గర పంచాయితీ పెట్టుకునే ఓపిక అతనికి ఉండదు. మీ బోనస్ పథకం నిలబడేది ఆ అలసట మీదే.

లెక్క వేసుకుందాం. రెండెకరాల్లో 50 క్వింటాళ్లు పండాయి. 40 కిలోల చొప్పున 125 బస్తాలు. బస్తాకు కిలో ఎక్కువ తూస్తే 125 కిలోలు. 2025-26 మద్దతు ధర సాధారణ రకానికి 2,369 రూపాయలు కాబట్టి ఆ రైతుకు పోయింది 2,961 రూపాయలు. అదే 50 క్వింటాళ్ల మీద సంఘానికి వచ్చే కమీషన్ 1,600 దాటదు. అంటే సంఘం సంపాదించినదానికి దాదాపు రెట్టింపు ఆ సంఘం సభ్యుడే పోగొట్టుకున్నాడు. ఆ ధాన్యం ఎవరికి చేరింది? మిల్లుకు. ఇన్‌చార్జికి బోనస్, మిల్లరుకు బియ్యం, మీకు "తరుగు రహిత కేంద్రం" అని శాలువా. ముగ్గురు లాభపడి ఒక్కడు నష్టపోయే పథకాన్ని తప్పుపట్టేవాడు మహాజన సభలో లేచి నిలబడితే, అతనికి కుర్చీ చూపించండి.

హమాలీలను ఈ పథకంలో కలపొద్దు. బస్తాలు మోసేది వాళ్లే, కాటా ముల్లు ఎక్కడ ఆగిందో అందరికంటే బాగా తెలిసిందీ వాళ్లకే. అలాంటివాళ్లకు నోరు విప్పే కారణం ఇవ్వకూడదు.

ఎరువుల గోడౌన్‌కు రండి. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. దాని మీద సంఘానికి మిగిలేది పట్టుమని ఇరవై రూపాయలుండదు. కాబట్టి సేల్స్‌మన్‌కు యూరియా మీద ఇన్సెంటివ్ దండగ. కదలని సరుకు మీద పెట్టండి: నానో సీసాలు, జింకు ప్యాకెట్లు, కిందటేడాది మిగిలిన పురుగుమందు. ఏది ఎక్కువ మార్జిన్ ఇస్తే దాని మీద ఎక్కువ ఇన్సెంటివ్. తక్కినదంతా సేల్స్‌మనే చూసుకుంటాడు. ఖరీఫ్‌లో యూరియా కొరత పడ్డప్పుడు తెల్లవారుజామునే చెప్పులు, పాస్‌బుక్ జిరాక్సులు వరస కడతాయి. పదింటికి షట్టర్ లేస్తుంది. "రెండు బస్తాలకు ఒక సీసా" అంటాడు. దాన్ని అతను లింకు అనడు, సలహా అంటాడు. ఇలా అంటగట్టడం నేరమని మీకూ తెలుసు. అందుకే గోడ మీద "ఇచ్చట లింకు అమ్మకాలు లేవు" అని పెద్ద అక్షరాలతో బోర్డు రాయించండి. సీసాల అట్టపెట్టెలు ఆ బోర్డు కిందే పేర్చుకోవచ్చు.

ఇంటికి తీసుకెళ్లిన సీసా రైతు వాడాడా లేదా అని ఎవరూ అడగరు. ఆ ఇన్సెంటివ్ అమ్మకం మీదే కదా. మట్టి పరీక్ష చూసి "నీ చేనుకు ఈసారి డీఏపీ అక్కర్లేదు బాబాయ్" అని చెప్పిన సేల్స్‌మన్‌కు ఏమిస్తారని మీరు అడగొచ్చు. ఏమీ ఇవ్వం. అతను సంఘం అమ్మకాలు తగ్గించాడు.

మీ ఊళ్లో పాల సంఘం కూడా ఉండి, దాని పెత్తనమూ మీ ఇంట్లోవారిదే అయితే ఈ ముక్క చదవండి. లేకపోతే దాటేయండి. పాల ధర వెన్న శాతం మీద. పరీక్ష చేసేది టెస్టర్. ఒకప్పుడు గెర్బర్ పద్ధతిలో గంధకామ్లం పోసి, గొట్టాలు తిప్పి చూసేవారు. ఇప్పుడు మిషన్ అంకె చూపిస్తుంది. ఊళ్లో సభ్యుల దగ్గర కొన్న వెన్నకూ డెయిరీ వాళ్లు లెక్కగట్టిన వెన్నకూ మధ్య మిగిలిన తేడాలో టెస్టర్‌కు వాటా ఇవ్వండి. రోజుకు 500 కిలోల పాలు పోసే ఊరు అనుకుందాం. ప్రతి చీటీ మీదా వెన్న 0.1 శాతం తక్కువ రాస్తే రోజుకు అరకిలో వెన్న. కిలో వెన్నకు 800 చొప్పున చూసినా 400 రూపాయలు, నెలకు 12,000. గేదె పాలు 6.8 ఉన్నాయో 6.7 ఉన్నాయో చీకట్లో క్యాన్ పట్టుకుని వచ్చిన ఆడమనిషి కంటికి ఆనదు. చీటీ తీసుకుని, కొంగున ముడేసుకుని, పిల్లల్ని బడికి పంపే తొందరలో వెళ్లిపోతుంది. "ఎండాకాలం కదమ్మా, ఫ్యాట్ పడిపోద్ది" అంటే నమ్ముతుంది కూడా.

కంప్యూటర్లు వచ్చాక ఇవన్నీ ఎక్కడ సాగుతాయి అని డైరెక్టర్లలో కుర్రవాడెవరో అంటాడు. 63,000 ప్రాథమిక వ్యవసాయ సంఘాలను కంప్యూటరీకరించడానికి 2022లో కేంద్రం 2,516 కోట్ల పథకం పెట్టిన మాట నిజమే. అయితే కంప్యూటర్ తనకు చెప్పింది నమ్ముతుంది. 6.7 అని కొడితే 6.7 అనే చూపిస్తుంది, పైగా చక్కటి ప్రింటు తీసి ఇస్తుంది. చేతిరాతనైతే శంకించేవాళ్లున్నారు గానీ ప్రింటును శంకించేవాడు మన వైపు ఇంకా తక్కువ.

లాభాల మీద ఇన్సెంటివ్ ఇవ్వడంలో చిన్న అడ్డంకి ఉంది. 1964 సహకార సంఘాల చట్టంలో 116-సి అనే సెక్షన్. సిబ్బంది జీతభత్యాల ఖర్చు నిర్వహణ మూలధనంలో 2 శాతం గానీ, స్థూల లాభంలో 30 శాతం గానీ, రెండింటిలో ఏది తక్కువైతే అది దాటకూడదంటుంది. దీనికి రెండు మందులున్నాయి. మొదటిది, లాభాన్నే పెంచడం. ఐదేళ్లుగా మొండిబకాయిలో పడి ఉన్న రుణాల మీద రావాల్సిన వడ్డీని వచ్చినట్టే రాసుకోండి. రాని వడ్డీకి కేటాయింపు పెట్టాలని ఆడిటర్ రాస్తే "గమనించాం" అని జవాబు రాయండి. తెలుగులో ఇంతకంటే గొప్ప మాట లేదు. రెండోది, ఇన్సెంటివ్‌ను జీతాల పద్దులో వేయకపోవడం. స్టేషనరీ, మీటింగుల ఖర్చు, గోడౌన్ మరమ్మతు... పద్దులకు కొదవా? ఒక్క గోడౌన్‌కు ఏడాదిలో మూడుసార్లు సున్నం వేయించిన సంఘాలూ బతికే ఉన్నాయి.

పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, 1995 కింద నమోదైన సంఘాలకు ఈ బాధ లేదు, సిబ్బందికి ఏమివ్వాలో సభ్యులే తేల్చుకుంటారు. అందుకే అలాంటి సంఘాలతో స్నేహం వద్దు. ములుకనూరుకు స్టడీ టూర్ వెళ్దామని ఎవరైనా అంటే మరీ జాగ్రత్తగా ఉండండి. 1956లో విశ్వనాథ రెడ్డి గారు మొదలుపెట్టిన ఆ సంఘంలో రైతు సంఘంతో ఎంత వ్యాపారం చేశాడో దాన్ని బట్టి అతనికే బోనస్ పంచే అలవాటుంది. అది చూసి వచ్చిన మన సభ్యుడు బస్సు దిగీ దిగగానే "మరి మాకు?" అని అడుగుతాడు. ముందు సభ్యుడికి మిగిలిందెంతో చూసి, అందులోంచి సిబ్బందికి వాటా ఇద్దామని ఎవరో తీర్మానం పెడతారు. అప్పుడు కాటా ముల్లు 40.6 దగ్గరే ఆగితే ఇన్‌చార్జికి లాభం, వెన్న ఉన్నది ఉన్నట్టు రాస్తే టెస్టర్‌కు లాభం. మనం ఇంతవరకూ పడ్డ శ్రమంతా వృథా. తప్పనిసరై టూర్ వెళ్లాల్సి వస్తే భోజనాల వేళకు చేరి, భోజనాలయ్యాక బయల్దేరండి.

పంపకం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పై కుర్చీకి సింహభాగం, కౌంటర్ దగ్గర ఎండకు నిలబడ్డవాడికి స్వీట్ ప్యాకెట్. వాచ్‌మన్‌కు అదీ వద్దు, అతనికి షుగరు.

ఇక ఆమోదం. పథకాన్ని మహాజన సభ అజెండాలో ఆఖరి అంశంగా పెట్టండి, "అధ్యక్షుల అనుమతితో ఇతర విషయములు" కింద అయితే ఇంకా మంచిది. భోజనం ప్యాకెట్లు పంచడం మొదలయ్యాక చదవండి. చదివేటప్పుడు మొత్తం రూపాయలు చెప్పకండి, శాతాలే చెప్పండి. అర శాతం అంటే ఎవరికీ కోపం రాదు. హాజరు పుస్తకంలో సంతకాలు మాత్రం ముందే చేయించుకోండి, ప్యాకెట్ అందుకున్న చెయ్యి పెన్ను పట్టదు.

ఇక్కడిదాకా మా చిట్కాలు. ఒక్క నియమం మాత్రం మాది కాదు, చట్టానిది. ఎవరో ఒకరు అర్జీ పెడతారు. 1964 చట్టం 51వ సెక్షన్ కింద విచారణ పడుతుంది. బైలాకు విరుద్ధంగా చెల్లించిన సొమ్ము, తెలిసీ చేసిన నిర్లక్ష్యం వల్ల సంఘానికి వాటిల్లిన నష్టం తేలితే 60వ సెక్షన్ కింద సర్‌ఛార్జ్ వేసి వడ్డీతో సహా రాబట్టే అధికారం రిజిస్ట్రారుకు ఉంది. అది సీఈఓ, సేల్స్‌మన్‌లతో ఆగదు. పాలకవర్గానికీ వర్తిస్తుంది, పదవి దిగిపోయినవారికీ వర్తిస్తుంది. ఇన్సెంటివ్ తీర్మానం కింద మొదటి సంతకం మీదే ఉంటుంది కాబట్టి మొదటి నోటీసూ మీకే. అది సంఘం ఆఫీసుకు రాదు, మీ ఇంటి అడ్రసుకు వస్తుంది.